పద్నాలుగో గది

డెబ్బై ఎనిమిదేళ్ళుగా ఈ నోరు వాడుతున్నాను. ఇన్నేళ్ళలో నా మాట వల్ల ఒక్కరి కొంప కూడా మునగలేదు. కథలు చెప్పాను, కాదనను. నేను బిగించిన తలుపు సందులోంచి గాలి దూరలేక వెనక్కి తిరిగి వెళ్ళిపోయిందని చెప్పాను. నేను చేసిన కుర్చీ ఎంత తేలికంటే, దాని మీద కూర్చున్నాయన లేచి వెళ్తుంటే అది కూడా వీధి చివరి దాకా వెంట నడిచిందని చెప్పాను. నవ్వేవాళ్ళు నవ్వారు. నమ్మినవాళ్ళు ఇంకో కుర్చీ చెయ్యమన్నారు. ఎవరికీ నష్టం లేదు.

సరే, పోయిన వారం మా చెల్లెలు ఊరి కౌన్సిల్ వాళ్ళ ఉత్తరం చించబోతుంటే నేనే ఆపాను. చించలేదు. అది వంటింటి బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా పెట్టారు. కిటికీలు మూసే ఉన్నాయి, ఎక్కడికి ఎగురుతుందో నాకు తెలియదు.

చెల్లెలు కుట్టుమిషన్ ముందు కూర్చుంది. సూదికి దారం ఎక్కించి ఉంది. కాలు మాత్రం కదపడం లేదు.

"చదువు," అంది కూతురితో.

"ఎన్నిసార్లు చదవాలమ్మా?"

మా మేనకోడలు బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి సరాసరి ఇటే వచ్చింది. కనుబొమల మీద ఇంకా పిండి ఉంది.

"ఇంకొక్కసారి చదువు. నిన్న సరిగ్గా చదవలేదేమో."

మేనకోడలు ఉప్పు డబ్బా పక్కకి జరిపింది. "మీ కుమారుని వివరాలు పరిశీలించాం. ఆయన తన పనులన్నీ తానే చేసుకోగలరని, రాత్రిపూట తోడు అవసరం లేదని మా దగ్గర నమోదై ఉంది. అందువల్ల కొత్త భవనం కింది అంతస్తులో రాత్రి తోడు ఉండే పదమూడు గదులలో ఒకటి ఆయనకు కేటాయించలేకపోయాం. పై అంతస్తులో విడి గది ఇవ్వగలం. అభ్యంతరాలుంటే సోమవారం ఉదయం పది గంటలకు..."

"తోడు అవసరం లేదట," అంది చెల్లెలు.

ఆ కుమారుడికి నలభై మూడేళ్ళు. వీధిలో అందరూ వాణ్ణి సూపర్వైజరు అంటారు. ఎవరు ఏ పని చేస్తున్నా వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడతాడు. గుంత తవ్వేవాళ్ళ దగ్గరైనా, గోడకి రంగు వేసేవాళ్ళ దగ్గరైనా, కాసేపు చూసి "ఊఁ, కానీ" అంటాడు. అంతే. వాడి మనసుకి ఐదారేళ్ళు దాటలేదని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. అదొక్కటీ అయితే బతికిపోయేవాళ్ళం. నెలలో రెండు మూడు సార్లు నిద్రలో మూర్ఛ వస్తుంది. మంచం కదిలిన చప్పుడుకి మా చెల్లెలు లేచి వాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ నిద్రపోయేది కొడుకు మణికట్టు మీద చెయ్యి వేసి.

ఇప్పుడు ఆ చెయ్యి ఆసుపత్రికి వెళ్తోంది. బుధవారం గుండెకి ఆపరేషన్. తర్వాత ఆరు నెలలు చెంబు కూడా ఎత్తకూడదన్నారు. ఆరు నెలల తర్వాత సంగతి అడిగితే డాక్టరు తన బూట్ల వంక చూశాడు.

"ఎవరు చెప్పుంటారు వాళ్ళకి?" అంది చెల్లెలు.

"ఇంకెవరు? నువ్వే."

"నేనా?"

"ఎవరొచ్చినా అదేగా పాట. నా కొడుకు బంగారం, వాడికి రాని పని లేదు, గ్లాసులు వాడు కడిగితే అద్దాల్లా ఉంటాయి..."

"కడుగుతాడు కాబట్టి అన్నాను. అదైనా పక్కింటావిడ దగ్గర. కౌన్సిల్ వాళ్ళ దగ్గర అంటానా?" చెల్లెలు మిషన్ చక్రం పట్టుకుంది. "అయినా నన్నెందుకు అడుగుతావు? పై గదులు బోలెడున్నాయట. పైదో కిందదో, ఏదో ఒకటి వస్తే చాలు, నీ నెత్తిన పడకుండా ఉంటే చాలనుకున్నవాళ్ళు చెప్పుంటారు."

మేనకోడలు ఉత్తరం మడిచింది. మడిచిన చోట గోరుతో గీసింది. మళ్ళీ విప్పింది.

"ఇంకోసారి అను అమ్మా," అంది.

చెల్లెలు మిషన్ చక్రం వదిలేసింది.

ఈ గొడవ జరుగుతున్నంతసేపూ నేను వంటింటి సొరుగు ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. స్క్రూలు విప్పి మళ్ళీ బిగిస్తున్నాను. ఆ సొరుగుకి ఏ రోగమూ లేదు. సూపర్వైజరు నా నెత్తిన నిలబడి "ఊఁ, కానీ" అంటున్నాడు.

"మామయ్యా, నువ్వు మాట్లాడవేం?" అంది మేనకోడలు.

"నోట్లో స్క్రూలున్నాయి."

"నోట్లో స్క్రూలు పెట్టుకునే కదా ఏనుగు మీద తలుపు మోసుకెళ్ళిన కథ గంటన్నర చెప్పావు."

నేను తలెత్తలేదు. తలెత్తితే నా మొహంలోనే అంతా చదివేస్తారు, ఉత్తరం కూడా అక్కర్లేదు.

సోమవారం పది కొట్టకముందే నలుగురం కొత్త భవనంలో ఉన్నాం.

ఒకప్పుడు అక్కడ కౌన్సిల్ వాళ్ళ పాత లారీలు తుప్పు పట్టేవి. ఆ స్థలాన్ని కౌన్సిల్ ఇచ్చింది. హౌసింగ్ సొసైటీ ఇల్లు కట్టింది. గదులు, పైకప్పు, కుళాయిలు సొసైటీ చూసుకోవాలి. పగలు వచ్చి వండటం నేర్పేవాళ్ళని, రాత్రి మెలకువగా ఉండేవాళ్ళని కౌన్సిల్ పంపాలి. మా వడ్రంగి పనిలో రెండు చెక్కలు కలిపే చోట ఒకదానికి గాడి తీస్తాం, రెండోదాన్ని అందులో దిగేట్టు చెక్కుతాం. ఏ చెక్కకి ఆ చెక్క బాగానే ఉంటుంది. మధ్యలో వెంట్రుకంత సందు మిగిలితే చాలు, బల్ల జీవితాంతం ఊగుతుంది. మావాడు ఆ సందులో పడ్డాడు.

మమ్మల్ని కింది అంతస్తు హాల్లో కూర్చోబెట్టారు. కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. కదిలితే కరకరలాడుతున్నాయి. బల్లకి అటు కౌన్సిల్ తరఫున ఒక మేడమ్. జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది. ఆవిడ పక్కన సొసైటీ మేనేజరు. కుర్రాడిలా ఉన్నాడు గానీ చెవుల దగ్గర నెరిసింది. బూటు మీద గోడ రంగు చుక్క పడి ఉంది. సూపర్వైజరుకి ఆ చుక్క నచ్చింది. వంగి మరీ చూస్తున్నాడు.

"రాత్రి వీడికి మూర్ఛ వస్తుందండీ," అని చెల్లెలు మొదలుపెట్టింది. "మీ దగ్గర తప్పు రాశారు."

"మేం రాయలేదమ్మా. ఇంట్లోవాళ్ళు చెప్పిందే రాశాం," అంది మేడమ్. "రెండేళ్ళ కిందట ఇంటి ప్లాను గియ్యకముందు ఊరంతా తిరిగి అడిగాం. ఎవరెవరికి ఇలాంటి గది కావాలి, ఎంత తోడు కావాలి అని. మనిషికి ఇరవై రెండు ప్రశ్నలు. ఆ ఫారాలు చూసే సొసైటీ వాళ్ళు గదులు గీశారు."

"ఇరవై రెండో ప్రశ్న రాత్రి తోడు గురించి," అన్నాడు మేనేజరు. "అవును అని పదమూడు ఫారాల్లో వచ్చింది. పదమూడు గదులకి గోడలో లాగితే మోగే గంట తాడు పెట్టించాం. వాటి మధ్యలో రాత్రి మనిషి కూర్చునే గది."

"ఆ ఫారం చూపించండి," అంది మేనకోడలు. గొంతులో కత్తి ఉంది. తల్లి వైపు చూసింది. తల్లి కూతురి వైపు చూసింది.

నేను కిటికీ చట్రం వైపు చూశాను. మూల కలపడం సరిగ్గా రాలేదు.

మేడమ్ ఫైల్లోంచి కాగితం తీసింది. ముక్కు తుడుచుకుంది. "సమాధానాలు చెప్పినవారు, మేనమామ," అని చదివింది.

కుర్చీల కరకర ఆగిపోయింది.

"వంట చేసుకోగలరా? పెళ్ళికి వండమన్నా వండుతాడు. ఒంటరిగా బయటికి వెళ్ళి రాగలరా? కళ్ళకి గంతలు కట్టి ఊరవతల వదిలినా మనకంటే ముందు ఇంట్లో ఉంటాడు. మందులు వేళకి వేసుకుంటారా?" మేడమ్ ఒక్క క్షణం ఆగింది. "మందులా, వీడే డాక్టరుకి చెప్తాడు. ఇక్కడ పక్కనే మా గుమాస్తా 'నవ్వారు' అని కూడా రాశాడు. ఎందుకు రాశాడో తెలియదు."

"నేనే!" అన్నాడు సూపర్వైజరు.

అందరూ వాడి వైపు తిరిగారు. వాడి మొహం వెలిగిపోతోంది. చేతులు వెనక్కి లేవు, రెండూ ఛాతీ మీద ఉన్నాయి.

"నేనే అది! పెళ్ళికి వండుతా! ఇంకా చదువు!"

మేడమ్ చదవలేదు. చివరి గీత మీద వేలు పెట్టి కాగితం మా చెల్లెలి వైపు తిప్పింది. చెల్లెలు కళ్ళజోడు తెచ్చుకోలేదు. మేనకోడలు వంగి, పెదవి కదిలీ కదలకుండా చదివింది. "రాత్రి తోడు కావాలా? అక్కర్లేదు. వీడే మా అందరికీ కాపలా."

అదండీ సంగతి. మొదట్లో నా నోటి గురించి గొప్పగా ఒక ముక్క చెప్పాను. దాని మీద అడ్డంగా గీత కొట్టెయ్యండి. మీకు పెన్ను దొరక్కపోతే నా చెవి మీద పెన్సిలుంది, తీసుకోండి. వడ్రంగి పెన్సిలు, గీత లావుగా పడుతుంది.

నా మాట ఒక కొంప ముంచింది. అది మా కొంపే. ఇంకా గొప్ప ఏమిటంటే, ప్రపంచంలో ఏ అబద్ధాలకోరుకీ దక్కని గౌరవం నాకు దక్కింది. నా అబద్ధానికి పునాది తవ్వి, ఇటుక పేర్చి, సున్నం కొట్టి మరీ కట్టారు. పదమూడు గదులు ఇటుకలతో కట్టారు. పద్నాలుగోది నేనే నా నోటితో కూల్చాను.

చెల్లెలు అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఆ రోజు నేనెక్కడున్నాను?" అని అడిగింది.

"క్లినిక్కులో. ఆయాసం అంటే మొదటిసారి చూపించుకోడానికి వెళ్ళావు."

"నాకు చెప్పలేదు."

"ఎవరో గుమాస్తా వచ్చి టీ తాగి వెళ్ళాడని చెప్పాను."

"చెప్పావు. మన టీకి అతను కొలువు మానేసి ఇక్కడే ఉండిపోతానన్నాడని చెప్పావు. ఇది చెప్పలేదు."

"అదేం లెక్క అనుకున్నాను చెల్లీ. ఊరికే అడిగి పోతారుగా వీళ్ళు. అతనేమో ఎండన పడి వచ్చాడు, పాపం మొహం వేలాడేసుకుని ఉన్నాడు, ఒక్కసారి నవ్వాడు, ఇంక నాకు..."

"అన్నయ్యా. కథలొద్దు."

మేనకోడలు అంది, "మామయ్యా, నేనీ మూడు రోజులు అమ్మ మొహం చూడలేదు. అమ్మ నా చేతి టీ తాగలేదు. నువ్వు ఆ సొరుగు ముందు కూర్చుని..."

"తెలుసు."

"తెలిసి కూడానా?"

"తెలిసే."

చెప్పక తప్పలేదు. చెప్పాను. నాకు కథలు చెప్పడం వచ్చు గానీ జరిగింది చెప్పడం రాదు. ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఆ రోజు వీడు నా పక్కనే కూర్చున్నాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు. మొదటి ప్రశ్న, బూట్ల తాడు కట్టుకోగలడా అని. రాదు అన్నాను. నిజమే కదా, రాదు. వీడు కిందికి చూశాడు. బూట్లు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నాడు, ఎవరికీ కనపడకుండా. రెండో ప్రశ్న అడిగాడు. మళ్ళీ రాదు అనబోయాను. వీడు నా మొహంలోకి చూస్తున్నాడు. ఇంకా ఎన్ని ఉన్నాయి బాబూ అంటే, ఇరవై ఒకటి అన్నాడు."

చెల్లెలు కొడుకు బూట్ల వంక చూసింది.

"ఇరవై ఒక్కసార్లు, చెల్లీ. వీడి పక్కన కూర్చుని. ఇది రాదు, అది రాదు, ఇంకోటి రాదు. నా వల్ల కాలేదు."

మేడమ్ కాగితం తన వైపు తిప్పుకుంది. పైనుంచి చూసింది. "మొదటి సమాధానం రాదు అనే ఉంది," అంది మెల్లగా. "మిగతావే..."

"నువ్వు చెప్పింది వాడు నమ్మాడు మామయ్యా," అంది మేనకోడలు. "పోయినేడు స్టవ్ దగ్గర చెయ్యి కాల్చుకున్నాడే, ఎందుకురా అంటే పెళ్ళికి వండుతున్నా అన్నాడు. పిచ్చి మాటలనుకున్నాం."

ఆ సంగతి నాకు అప్పటి దాకా తెలియదు. మచ్చ చూశాను గానీ మాట వినలేదు. నా కుడి చెవి పన్నెండేళ్ళ కిందటే పని మానేసింది. ఎడమ చెవి నాతోపాటే నిద్రపోతుంది. అందుకే వాడి మంచం పక్కన మా చెల్లెలి చోటు నాకు ఇవ్వలేదు. ఒక్కసారి ఇచ్చారు. తెల్లారి చూస్తే వాడి నుదుటి మీద నాలుగు కుట్లు పడే గాయం ఉంది. నేను హాయిగా పడుకుని లేచాను.

"ఇప్పుడేం చెయ్యాలండీ?" అని చెల్లెలు మేడమ్‌ని అడిగింది.

"ఫారం మళ్ళీ రాయొచ్చు. ఇప్పుడే రాయొచ్చు. గది సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది సరిగ్గా ఉండాలి."

"అయితే తమ్ముణ్ణి బయట కూర్చోబెడతాను," అని మేనకోడలు లేచింది.

"కుదరదమ్మా."

"అదేంటి?"

"ఆయన గురించి ఆయన లేకుండా రాయకూడదు. అది మేం పెట్టుకున్న నియమం." మేడమ్ మా ఎవరి కళ్ళలోకీ చూడలేదు. "మంచికే పెట్టాం. మనిషిని పక్కన పెట్టి మనిషి బతుకు మాట్లాడకూడదని. ఇలాంటి చోట ఎంత కష్టమో ఆ రోజు ఆలోచించలేదు."

కొత్త ఫారం తీసింది. పెన్ను మూత తీసింది. "బూట్ల తాడు కట్టుకోగలరా?"

"రాదు," అంది చెల్లెలు.

"ఒంటికి నీళ్ళు పోసుకునేటప్పుడు వేడి చూసుకోగలరా?"

చెల్లెలు నోరు తెరిచింది. ఊపిరి అందలేదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. మేనకోడలు నీళ్ళ సీసా తీసి తల్లి నోటికి పట్టింది.

"నేను చెప్తాను," అన్నాను. "రాదు. రాసుకోండి."

"వంట?"

"రాదు."

"వచ్చు!" అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఆట మర్చిపోయాననుకున్నాడు. "మామా, వచ్చు కదా! పెళ్ళికి!"

"రాదు నాన్నా."

"ఒంటరిగా బయటికి వెళ్ళి రావడం?"

"రాదు. మూడో ఇల్లు దాటితే దారి తెలియదు."

"తెలుసు! గంతలు కట్టినా తెలుసు! చెప్పు మామా."

"తెలియదు నాన్నా. అది మామ చెప్పిన కథ."

వాడు మేడమ్ వైపు చూశాడు. ఆవిడ రాస్తోంది. అక్క వైపు చూశాడు. అక్క నీళ్ళ సీసా మూత బిగిస్తోంది, బిగిసిన మూతనే ఇంకా బిగిస్తోంది.

ఏడు. ఎనిమిది. తొమ్మిది. మందులు వేళకి వేసుకోవడం, రాదు. తలుపు కొట్టింది ఎవరో చూసి తియ్యడం, రాదు. నిప్పంటుకుంటే బయటికి రావాలని తెలియడం, తెలియదు. నేను బల్ల మీద చెక్క గీతలు ఎటువైపు పోతున్నాయో చూస్తూ చెప్పుకుపోయాను. నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అంత సిగ్గుపడి నేను ఏ అబద్ధమూ చెప్పలేదు.

పద్నాలుగో ప్రశ్న దగ్గర నేను నోరు విప్పకముందే సమాధానం వచ్చింది.

"రాదు," అన్నాడు వాడు.

చిన్న గొంతు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

"అది నీకు వచ్చురా తమ్ముడూ," అంది మేనకోడలు. గబుక్కున వాడి భుజం పట్టుకుంది. "గ్లాసులు కడగడం నీకు వచ్చు. అందరికంటే బాగా కడుగుతావు. మేడమ్, అది వచ్చు అని రాయండి."

"రాదు," అన్నాడు మళ్ళీ.

మేడమ్ పెన్ను ఆగింది. నా వైపు చూసింది. "వచ్చు," అన్నాను. "అద్దాల్లా కడుగుతాడు. ఇది కథ కాదు." ఆవిడ రాసుకుంది. వాడు మాత్రం నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

ఆ తర్వాత అన్నిటికీ వాడే చెప్పాడు. రాదు. రాదు. రాదు. ఒకటి రెండు ప్రశ్నలు వాడికి అర్థం కూడా కాలేదు.

"ఇరవై రెండు. రాత్రి తోడు కావాలా?"

ఈసారి వాడు నా వైపు చూడలేదు, అక్క వైపూ చూడలేదు.

"అమ్మ ఉందిగా," అన్నాడు.

మేడమ్ ముక్కు తుడుచుకుంది. జలుబు అని మొదటే చెప్పాను, కాబట్టి జలుబే అనుకుందాం. "కావాలి," అని రాసి సంతకం పెట్టింది. కాగితం మేనేజరు ముందుకి జరిపింది.

"మా వైపు నుంచి పద్నాలుగో మనిషి. రాత్రి మనిషి పదమూడు మందిని చూసేవాడు పద్నాలుగు మందిని చూస్తాడు, అది నేను ఒప్పిస్తాను. గది మీరు చూపించాలి."

"గది ఏదీ మేడమ్?" అన్నాడు మేనేజరు. "మీరు పదమూడన్నారు, పదమూడు కట్టాం."

"ఇంట్లోవాళ్ళు పదమూడన్నారు, మేం పదమూడన్నాం."

"మరి నేనేం చెయ్యను?"

"నేను మాత్రం ఏం చెయ్యను?"

ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరి మధ్యా ఆ కాగితం కాసేపు అటూ ఇటూ జరిగింది. నేను లేచి వరండాలోకి వెళ్ళాను. రాత్రి మనిషి గదికి ఆనుకుని ఒక తలుపు ఉంది. తీశాను. లోపల బకెట్లు, చీపుర్లు, రంగు డబ్బాలు.

జేబులోంచి టేపు తీసి కొలిచాను. వెడల్పు ఆరున్నర అడుగులు, పొడవు పది. పైన చిన్న కిటికీ. మంచం పడుతుంది, ఒక బీరువా పడుతుంది. తలుపు లోపలికి తెరుచుకుంటోంది. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే తెరవలేం. బయటికి తిప్పాలి. ఒక పూట పని.

"ఇదిగో పద్నాలుగోది," అన్నాను. మేనేజరు నా వెనకే వచ్చి నిలబడి ఉన్నాడు. "తలుపు నేను తిప్పుతాను. బకెట్లు ఎక్కడ పెడతావో నువ్వు చూసుకో బాబూ. కావాలంటే మా ఇంట్లో పెట్టు, ఎల్లుండినుంచి ఖాళీయే."

అతను నవ్వలేదు. కిటికీ చూశాడు, గోడ తట్టాడు. "నా ఒక్కడి చేతిలో లేదు పెద్దాయనా. ప్లాను మారితే మా కమిటీ సంతకం పెట్టాలి. గురువారం కూర్చుంటారు. నేను గట్టిగా చెప్తాను."

హాల్లోకి వచ్చి మా చెల్లెలికి కూడా అదే చెప్పాడు. గురువారం సాయంత్రానికి తెలుస్తుందని.

"ఆపరేషన్ బుధవారం," అంది చెల్లెలు.

"ఒక్క రోజే కదమ్మా తేడా," అన్నాడు, ధైర్యం చెప్తున్నాననుకుని.

"అవును బాబూ. ఒక్క రోజే."

ఆవిడ లేచింది. మేడమ్‌కి దణ్ణం పెట్టింది. కొడుకు చెయ్యి పట్టుకుని, బకెట్ల గది దాకా వెళ్ళి లోపలికి తొంగి చూసింది. చాలాసేపు చూసింది. గోడ మీద చెయ్యి వేసింది, మంచం ఎటు వేస్తారో ఆ వైపు.

"గంట తాడు ఎక్కడ పెడతారు?" అని నన్ను అడిగింది. ఆ పూట నాతో ఆవిడ మాట్లాడిన ఆఖరి మాట అదే.

బస్సెక్కాం. మధ్యాహ్నం బస్సు, సగం ఖాళీ. తల్లీ కూతుళ్ళు ముందు సీట్లో కూర్చున్నారు. సూపర్వైజరు నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి నా భుజం మీద తల వాల్చాడు. జుట్టులోంచి కొత్త రంగు వాసన వచ్చింది.

"ఆసుపత్రికి ఫోను కలుపు," అంది చెల్లెలు.

"ఎందుకు?"

"బుధవారం రానని చెప్తాను. గది తేలాక వస్తాను."

"డాక్టరు ఏమన్నాడో గుర్తుందా నీకు?"

"నాకు గుండె జబ్బు. మతిమరుపు కాదు."

"నేను సెలవు పెడతానమ్మా."

"ఎన్నాళ్ళు?"

మేనకోడలు లెక్క పెట్టుకుంది కాబోలు, పెదవులు కదిలాయి.

"కలుపు," అంది చెల్లెలు.

మేనకోడలు ఫోను తీసింది. నంబరు తెర మీదికి వచ్చింది. బొటనవేలు దాని మీద ఆడుతోంది, ఆనడం లేదు. బస్సు మా వీధి మలుపు దాకా వచ్చింది. వేలు ఇంకా అక్కడే ఉంది.

ఇందులో నేను కల్పించింది ఏదని అడుగుతారు. నా సంగతి తెలిసినవాళ్ళు కదా, తప్పకుండా అడుగుతారు. ఫారంలో ఉన్నవన్నీ నిజమే, అవి నా నోటి నుంచి వచ్చినవే. బకెట్ల గది కొలతలు నిజం, కావాలంటే టేపు పట్టుకుని వెళ్ళి చూసుకోండి. మేడమ్‌కి నిజంగానే జలుబు.

ఒక్కటి మాత్రం కల్పించాను. బస్సులో వాడు నా పక్కన కూర్చున్నాడని రాశాను. కూర్చోలేదు. రారా అని సీటు తుడిచి చూపించాను. రాలేదు. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని, అన్ని సీట్లు ఖాళీగా ఉన్నా, దిగేదాకా నిలబడే ఉన్నాడు.